పరగడుపు రసం

మరిచిపోయి ఉంటే మరిచిపోయాననే చెప్పేది కదా, అందులో నామోషీ ఏముంది, మరుపు లేని మనిషి ఎవరు, కానీ మరిచిపోలేదు. ఒక్క సాయంత్రం కూడా మరిచిపోలేదు. పొయ్యి మీంచి సూపు గిన్నె దించడానికి ముందే మాత్ర తీసి మొగుడి అరచేతిలో పెట్టి, అతను నీళ్ళు తాగి, గొంతులో ముడి పైకి లేచి కిందికి దిగేదాకా ఎదురుగా నిలబడే మనిషిని పట్టుకుని, "నిజంగానే ఇస్తున్నారా అమ్మా?" అని అడుగుతాడా ఆ డాక్టరు. ఇస్తున్నారా అంటే సరిపోయేది. ఆ 'నిజంగానే' ఎందుకు? మొన్నటి నుంచి ఎర్మెలిందా ఆ మాటను పళ్ళ సందున ఇరుక్కున్న ముల్లులాగా తడుముకుంటూనే ఉంది. తీసి పారేయడం చేతకావడం లేదు. నిజానికి తీసి పారేయాలని కూడా లేదు. నొప్పి ఉన్నంతసేపూ తన తప్పు లేదన్న ధీమా ఉంటుంది కదా.

చేతిలో కొడవలి దాని పని అది చేసుకుపోతోంది. ఎండ ఇంకా మిస్తీ కొండ భుజం దిగలేదు. మోకాలెత్తు అల్ఫాల్ఫా గడ్డి మంచుకి తడిసి, కోసిన చోటల్లా పచ్చివాసన కొడుతోంది. కోసినదాన్ని కోసినట్టు గట్టు మీద పరుస్తోంది ఆమె. తడి ఆరకుండా వేస్తే కూరకు పెంచుకునే కుయ్‌లు, ఆ బుల్లి గినీపందులు, పొట్ట ఉబ్బి చస్తాయి. వంటింటి వెనక గూళ్ళలో ఉన్న వాటికి కొంత ఉంచి, మిగతాది మోపులు కట్టి చరకాతో ఊరి సంతకు పట్టుకుపోవాలి. ఇవన్నీ చేతులకు తెలిసిన పనులు. బుర్ర మాత్రం ఆస్పత్రి గదిలోనే కూర్చుంది.

ఆమె మొగుడు రుపెర్తో గుండెలో లోహపు కవాటం పెట్టారు. రక్తం కొంచెం చిక్కబడినా దాని మీద పేరుకుంటుంది, పేరుకున్నది ఊడి తలలోకి పోతే మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు. అందుకని మాత్ర. ఆ మాత్ర ఎంత వేసినా రక్తం పరీక్షలో లెక్క కుదరడం లేదు. డాక్టరు మోతాదు పెంచాడు. మళ్ళీ పెంచాడు. మొన్న మళ్ళీ పెంచి, కలం బల్ల మీద పెట్టి, రుపెర్తోని వదిలేసి ఆమె వైపు తిరిగాడు. "ఆకుకూరలేమైనా తింటున్నాడా? పాలకూర, క్యాబేజీ, లెట్యూస్? ఆకుపచ్చటివి ఎక్కువైతే ఈ మందు పని చేయదని చెప్పాను కదా."

"ఆయనకు ఆకు పొడ గిట్టదు డాక్టర్. బంగాళాదుంప, మొక్కజొన్న, జున్ను. అంతే."

"మరి మాత్రలు నిజంగానే ఇస్తున్నారా అమ్మా?"

రుపెర్తో ఏం చేశాడు అప్పుడు? ఒళ్ళో టోపీ పెట్టుకుని దాని అంచు చుట్టూ వేళ్ళు తిప్పుతూ కూర్చున్నాడు. ఇస్తుంది డాక్టరుగారూ అని ఒక్క మాట. పట్టుమని పది అక్షరాలు లేవు. నోట్లోంచి రాలి కింద పడితే కాలికి దెబ్బ తగులుతుందా?

కొడవలి ఆగింది.

మడి మూలన, కాలువ వైపు, గడ్డి వేరేగా ఉంది. కోసినట్టు లేదు. గిల్లినట్టుంది. లేత చివుళ్ళు మాత్రమే, గోటితో, జాగ్రత్తగా, కాడకి నొప్పి తెలియకుండా గిల్లినట్టు. ఆవు తింటే అలా ఉండదు. దొంగ కోసుకుపోయినా అలా ఉండదు. పశువుకి మేత కావలసినవాడు మొదలంటా కోస్తాడు. చివుళ్ళు గిల్లేది మనిషి కోసమే. ఆమె వంగి ఒక కాడ పట్టుకు చూసింది. గిల్లిన చోట పసరు ఇంకా ఆరలేదు.

అప్పుడు వినపడింది ఇంటి వైపు నుంచి, సన్నికల్లు మీద పొత్రం ఊగే చప్పుడు. దడక్, దడక్ అని. తను మడిలో ఉండగా తన పెరట్లో ఎవరో నూరుతున్నారు.

కాలువ గట్టు మీద నడుస్తున్నంతసేపూ ఆమెకు విచిత్రంగా ఉంది, కోపం రాకపోవడం. కోపం తనకంటే ముందే ఇంటికి చేరి, అక్కడ గుమ్మంలో తన కోసం కూర్చుని ఉన్నట్టుగా ఉంది.

నూరుతున్నది నికొలాసా. రుపెర్తో అక్క. కాలువకు అవతలి ఇంట్లో ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగిన చంక అలాగే వంగిపోయిందా అన్నట్టు ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. రాయి పక్కన గుడ్డ పరిచి ఉంది, నిమ్మకాయ కోసి ఉంది, తేనె సీసా మూత తీసి ఉంది. అంతా అలవాటైన అమరిక.

"ఓ, నువ్వా," అంది నికొలాసా, పొత్రం ఆపకుండా. "సంతకు పోలేదేం?"

"తాడు మర్చిపోయాను వదినా."

నోట్లోంచి మొదట వచ్చింది అబద్ధం. అదీ ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదని. ఎర్మెలిందాకు తన మీద తనకే రోత పుట్టింది. సొంత పెరట్లోకి రావడానికి సాకు చెప్పుకుంటోంది.

"ఎవరికిది?" అంది.

"ఎవరికేమిటి? కుయ్‌లకు గ్లాసులో పోసి తేనె కలిపి ఇస్తానా? నీ మొగుడికే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆస్పత్రి నుంచి తెచ్చుకున్నావు చూడు, ఆ వారం నుంచి. నువ్వు మడిలో ఉంటావు, వాడు పరగడుపున ఉంటాడు. పరగడుపునే పడాలి ఇది, కడుపులో ఇంకేదీ ఉండకూడదు." నికొలాసా ముద్దను గుడ్డలోకి తీసి మెలిపెట్టింది. ముదురాకుపచ్చ రసం వేళ్ళ సందుల్లోంచి గ్లాసులోకి కారింది. "తెచ్చినప్పుడు వాడి చేతులు చూశావా నువ్వు? ఎక్కడ తాకితే అక్కడ నీలం. తలుపు గడియ తగిలినా నీలమే. రక్తం లేని ఒంటికే అలా అవుతుందమ్మా. చిన్నప్పుడూ అంతే, గోడ పక్కన నిలబెడితే గోడేదో వాడేదో తెలిసేది కాదు. అప్పుడేమైనా డాక్టరున్నాడా? నేనూ, ఈ రసమూ."

"ఆ నీలం మందు వల్ల వదినా. మందు అలా చేస్తుందని చెప్పారు."

"మందంటే మనిషిని బాగు చేయాలి గానీ నీలం చేస్తుందా? మంచి మందే."

"డాక్టరు ఆకుపచ్చటివి వద్దన్నాడు. అన్ని కూరల పేర్లూ చెప్పాడు."

నికొలాసా తలెత్తి చూసింది. ఆ చూపులో కపటం లేదు. అదే ఎర్మెలిందాను ఎక్కువ మండించింది. "ఇది కూరా ఏమిటి? గడ్డి కదే. గడ్డిని కూరల్లో కలిపేదాన్ని నిన్నే చూస్తున్నాను."

ఎర్మెలిందా కూడా దీని పేరు డాక్టరుకు చెప్పి ఉండేది కాదు. ఇది తెలిసి ఉండి, డాక్టరు అదే ప్రశ్న అడిగినా, ఆకు పొడ గిట్టదనే చెప్పేది. చరకాతోలో ఎవరిని అడిగినా అదే చెబుతారు. అల్ఫాల్ఫా తిండి కాదు. మడిలో ఉంటే మేత, గ్లాసులో ఉంటే రక్తం పట్టడానికి పుచ్చుకునేది. రెండిట్లో ఏదైనా కంచంలోది కాదు. తను కూడా కాన్పు అయ్యాక తాగింది. ఇదే సన్నికల్లు మీద, ఇదే వదిన చేత్తో. అప్పుడు ప్రాణం లేచి వచ్చినట్టుండటం కూడా జ్ఞాపకముంది. పగలగొట్టాలని కర్ర ఎత్తితే కుండ తనదే అయినట్టుంది. కోపం ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది, దించడానికి చోటు లేక.

"మరి నాతో ఒక్క మాట ఎందుకు అనలేదు?" అంది చివరికి.

"నేను చెబుదామనే అన్నాను. వాడే వద్దన్నాడు. 'దానికి చెప్పకక్కా, గోల చేస్తుంది' అన్నాడు."

అప్పుడు దొరికింది చోటు.

ఇది తిండి కాదని నమ్మేవాడు దాచడు. నికొలాసా దాచలేదు, అడగ్గానే చెప్పింది. దాచినవాడికి తెలుసు. డాక్టరు కూరల పేర్లు చదువుతున్నప్పుడు, తన నోటితో తను 'ఆకు పొడ గిట్టదు' అన్నప్పుడు, 'నిజంగానే' అన్న మాట తన మొహాన పడ్డప్పుడు, ఆ టోపీ అంచు తిప్పుతున్న వేళ్ళకు తెలుసు. ఆ పొద్దున తాగిన రసం కడుపులో ఉండగానే కూర్చుని వింటున్నాడు.

రుపెర్తో వంటింట్లోంచి వచ్చాడు. రోజూ వచ్చినట్టే చెయ్యి ముందుకు చాపి. భార్యను చూసి చాపిన చేతిని ఏం చేయాలో తెలియక దాంతో జుట్టు సవరించుకున్నాడు.

"నువ్వా," అన్నాడు. అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒకటే మాట.

"నేనే. గోల చేద్దామని వచ్చాను."

నికొలాసా నవ్వింది. రుపెర్తో నవ్వలేదు.

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"అక్క అంత కష్టపడి తెస్తోంది కదా అని. వద్దంటే బాధపడుతుంది."

"డాక్టరు నన్ను అన్నప్పుడు నేను బాధపడలేదా?"

"నీకేం, నువ్వు గట్టిదానివి."

అతను దాన్ని పొగడ్తగానే అన్నాడు. ఎర్మెలిందా చెంపలు మొద్దుబారిపోయాయి. గట్టిది. అవును. పెళ్ళినాడు చర్చిలో గురువు సమ్మతమేనా అని అడిగిన ప్రశ్నకు అతను తన వైపు చూశాడు, తను మోచేత్తో పొడిస్తే గానీ ఊ అనలేదు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. నీళ్ళ వంతుల సంఘంలో గొడవైతే లేచి మాట్లాడింది తను. పక్కమడి వాడు గట్టు జరిపితే అరిచింది తను. రుపెర్తో ఎంత మెతక మనిషో, ఒక్కనాడు గొంతెత్తడు పాపం అని ఊరంతా అంటుంది. మెతక మనిషని పేరు నిలబడాలంటే పక్కన ఎవరో ఒకరు గయ్యాళి అనిపించుకోవాలి. ఆ ఖర్చు తన ఖాతాలో పడుతూ వచ్చింది. పడుతోందని తెలియక కాదు, తెలియనట్టు ఉండటం అలవాటై.

"సరేలే, రేపటి నుంచి తాగను," అన్నాడు రుపెర్తో. "అయిపోయింది కదా. డాక్టరుకు చెప్పడం ఎందుకు ఇక?"

"ఎందుకా?" రక్తం తీసే నర్సు మొన్న ఆమెను పక్కకు పిలిచి మరీ చెప్పింది. ఇంత మోతాదు మీద ఉన్న మనిషికి తిండిలో ఏది కలిపినా, ఏది మానేసినా ముందు మాకు తెలియాలి, లేకపోతే ముక్కులోంచి మొదలైన రక్తం ఆపడం మా తరం కాదు అంది. అప్పుడు అది తనకు సంబంధించిన మాటలా లేదు. ఇప్పుడు ఒక్కొక్క ముక్కా వచ్చి వరసలో కూర్చుంది. "ఈ గడ్డి మందు బలం లాగేస్తున్న కొద్దీ డాక్టరు మాత్ర పెంచుకుంటూ పోయాడు. ఇప్పుడు గడ్డి మానేసి మాత్ర అంతే మింగితే ఏమవుతుందో తెలుసా నీకు? తాగితే ఒక చావు, మానేస్తే ఇంకో చావు. మధ్యలో నువ్వు టోపీ తిప్పుకుంటూ కూర్చో."

"అంత మాట ఎందుకమ్మా పొద్దున్నే," అంది నికొలాసా. ఆమె చేతిలో గ్లాసు నురగతో నిండి ఉంది.

ఎర్మెలిందా ఆ గ్లాసు తీసుకుంది. దాన్ని రాతి మీద బద్దలు కొట్టడం ఎలా ఉంటుందో ఒక్క క్షణంలో మొత్తం చూసుకుంది. గాజుముక్కలు, పచ్చటి మరక, వదిన కేక, ఆ తర్వాత తన ఒంట్లోకి వచ్చే తేలిక. ఆ తేలిక కోసం నోరూరింది. అది చూసుకున్నాక గ్లాసు మొగుడికి అందించింది.

"తాగు."

"ఇప్పుడే కదా వద్దన్నావు?"

"డాక్టరు చెప్పేదాకా దేన్నీ కదపడానికి లేదు. తాగి చొక్కా మార్చుకో. ఇప్పుడే పోతున్నాం."

నికొలాసా మొహం విచ్చుకుంది. "చూశావా, నువ్వే చెప్పావు తాగమని. మంచిదని నీకూ తెలుసు," అంది, గుడ్డ పిండి ఆరేస్తూ. ఎర్మెలిందా డబ్బుల సంచీ కోసం లోపలికి వెళ్ళింది.

నగరానికి పోయే చిన్న బస్సులో ఆమె కిటికీ వైపు కూర్చుంది. గట్టు మీద పరిచిన గడ్డి అక్కడే ఉండిపోయింది, ఎండ ఎక్కితే పూచికలవుతుంది. కానీ, అవనీ. పక్కన రుపెర్తో గొంతు సవరించుకున్నాడు.

"నువ్వే చెబుదువులే. నీకైతే అన్నీ ఒక వరసలో చెప్పడం వచ్చు."

ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

"నేనైతే తడబడతాను. నీకు తెలుసుగా."

తెలుసు. ఆ తడబాటును దగ్గరుండి పెంచి పెద్ద చేసింది తామే, అక్క ఒకప్పుడు, ఆ తర్వాత తను. ఆ చెయ్యి ఈ చేతికి అందించింది, ఈ చెయ్యి అడగకుండా అందుకుంది. వదిన మీద ఎందుకింత మంట అని ఆలోచిస్తే, అది వదిన మీద కానే కాదేమో. ఆమె పొద్దున రసం ఇస్తుంది, తను సాయంత్రం మాత్ర ఇస్తుంది, ఇద్దరి ముందూ అరచెయ్యి ఒకే రకంగా తెరుచుకుంటుంది. ఇద్దరు తల్లులు చెరో వైపు లాగుతుంటే మధ్యలో ఉన్న పిల్లాడు చావవచ్చు గానీ, ఎవరికీ ఎదురు చెప్పిన పాపం మాత్రం అంటదు. ఆ ఆలోచన రాగానే ఆమెకు మొగుడి మోకాలు తన మోకాలికి తగలడం కూడా సహించలేదు. కొంచెం పక్కకు జరిగింది. బస్సు మలుపు తిరిగితే అతను మళ్ళీ జరిగి వచ్చాడు.

ఆస్పత్రిలో వాళ్ళ వంతు కాని రోజు. నర్సు కసిరింది. ఎర్మెలిందా బతిమాలలేదు. "ఈయన చెప్పవలసింది ఒకటుంది," అని ఊరుకుంది. నర్సు ఆమె మొహం చూసి, ఏమనుకుందో, మధ్యలో పంపించింది.

డాక్టరు చిన్నవాడే. కళ్ళకింద నిద్రలేని నలుపు. కాగితాలు వెతికి తీసుకుని ఎప్పటిలాగే ఆమె వైపు తిరిగాడు.

"మళ్ళీ ఏమైంది? మాత్రలు ఆపేశారా?"

జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఏ వారం మొదలైంది, ఎవరు నూరారు, ఎంత తాగాడు, ఎందుకు దాచాడు, అన్నీ వరసలో. చెప్పేస్తే అయిపోతుంది. 'నిజంగానే' అన్న మాటను తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి, ఇదిగో మీది మీరు తీసుకోండి అనవచ్చు. డాక్టరు నొచ్చుకుంటాడు, రుపెర్తో తలవంచుకుంటాడు, తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో 'బాగా చెప్పావు' అంటాడు. అంతా సాఫీగా పోతుంది. ఆ సాఫీతనమే ఆమెకు వద్దు.

"అమ్మా?" అన్నాడు డాక్టరు. "మిమ్మల్నే."

రుపెర్తో ఆమె వైపు చూశాడు. చీకటి గదిలో పిల్లలు తలుపు వైపు చూస్తారే, అలా.

నోరు మూసుకుని ఉండటం ఇంత బరువైన పని అని ఎర్మెలిందాకు తెలియదు. దవడలు నొప్పి పుట్టాయి. ఒకవేళ అతను చెప్పకపోతే? తడబడి, ఏమీ లేదండీ అనేస్తే? అప్పుడు పోయేది అతని ప్రాణమే. అది తెలిసే లేచింది. కుర్చీ కాళ్ళు నేల మీద గీరుకున్నాయి.

"నా వల్ల కాదు డాక్టర్. ఆయన నోట్లో నాలుక ఉంది," అని గది బయటకు వచ్చింది.

వరండాలో బల్లల మీద జనం ఆమెను ఎగాదిగా చూశారు. ఏడుపొచ్చి బయటకు వచ్చిందనుకున్నారేమో, ఒక ముసలావిడ జరిగి చోటిచ్చింది. ఆమె కూర్చోలేదు. తలుపు గుబ్బ మీద చెయ్యి వేసి, ఓరగా తెరిచి ఉన్న సందు దగ్గర నిలబడింది. లోపల డాక్టరు కలం బల్ల మీద రెండుసార్లు తట్టింది. ఒక దగ్గు. అది అతనిదే. అబద్ధం ఆడేముందూ, నిజం చెప్పేముందూ అదే దగ్గు దగ్గుతాడు, తేడా ఇన్నేళ్ళుగా తనకే తెలియదు. లోపలికి పరుగెత్తాలని కాళ్ళు లాగాయి. చెప్పకపోతే పరుగెత్తేదే, అందులో అనుమానం లేదు. అది అతనికీ తెలుసు, అదే కదా అసలు చిక్కు.

"గడ్డి తాగుతున్నాను," అన్నాడు రుపెర్తో.

"ఏం తాగుతున్నారు?"

"అల్ఫాల్ఫా. మా మడిలోదే. అక్క నూరి పిండి ఇస్తుంది. రోజూ పొద్దున్నే. ఇవాళ కూడా." గొంతు పెంకు గీసినట్టుంది. "మాత్రలు మా ఆవిడ ఇస్తూనే ఉంది. ఒక్కరోజు మానలేదు. ఆవిడకు ఈ రసం సంగతి తెలియదు. నేనే చెప్పనివ్వలేదు."

ఎర్మెలిందా అనుకున్నట్టు ఏమీ తేలికపడలేదు. కోపం ఉన్నచోటే ఉంది, కాకపోతే దానికిప్పుడు కాళ్ళు నేలకు ఆనాయి.

లోపల డాక్టరు నిట్టూర్చాడు. కాగితం తిప్పిన చప్పుడు. "సరే. మానేయమని ఇప్పుడే అనను, మోతాదు చూడాలి. రక్తం మళ్ళీ తీయాలి. ముందు ఇది చెప్పండి, ఎంతెంత తాగుతున్నారు, ఎన్నాళ్ళయింది?"

కుర్చీ కిర్రుమంది. మనిషి వెనక్కి తిరిగినట్టు.

"ఎర్మెలిందా," అని పిలిచాడు రుపెర్తో, తలుపు వైపు. "ఎన్నాళ్ళయింది?"

ఆమె గుబ్బ తిప్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి మూసేసింది.